ఏది కదలాలి, ఏది నిలవాలి? జానపద రాక్ ఆల్బమ్‌ల కథ

1969 వేసవిలో ఇంగ్లండులోని వించెస్టర్ దగ్గర ఫార్లీ చాంబర్లేన్ అనే పల్లెలో, ఒక పాత పెద్ద ఇంట్లో ఆరుగురు సంగీతకారులు మకాం పెట్టారు. అప్పటికి కొద్ది వారాల కిందటే, మే 12 తెల్లవారుజామున, బర్మింగ్‌హామ్‌లో కచేరీ ముగించుకుని లండన్‌కు తిరిగొస్తుండగా వాళ్ల వ్యాను ఎం1 రహదారి మీద ప్రమాదానికి గురైంది. డ్రమ్స్ వాయించే మార్టిన్ లాంబుల్ చనిపోయాడు. అతనికి 19 ఏళ్లు. గిటారిస్టు రిచర్డ్ థాంప్సన్ స్నేహితురాలు కూడా అందులోనే పోయింది. ఆ బృందం పేరు ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్. బృందాన్ని ఎత్తేయాలా, సాగించాలా అని కొన్నాళ్లు తల్లడిల్లి, చివరికి సాగించాలనే తేల్చుకున్నారు. అయితే లాంబుల్‌తో కలిసి వాయించిన పాటలు ఇక వద్దనుకున్నారు.

డ్రమ్స్‌కు డేవ్ మాటాక్స్ వచ్చాడు. అంతకుముందు అతిథిగా వచ్చి వాయించి వెళ్లిన ఫిడేలు విద్వాంసుడు డేవ్ స్వార్‌బ్రిక్ పూర్తిగా బృందంలో కలిశాడు. ఆ ఇంట్లో వేసవంతా సాధన చేసి, ఆ ఏడాది డిసెంబరులో విడుదల చేసిన ఆల్బమే 'లీజ్ అండ్ లీఫ్'. వందల ఏళ్ల నాటి ఇంగ్లండు, స్కాట్లండు కథాగేయాలను ఎలక్ట్రిక్ గిటారు, బేస్, డ్రమ్స్ మీద వాయించిన రికార్డు అది. బ్రిటన్ అమ్మకాల పట్టికలో 17వ స్థానం దాకా వెళ్లింది. 2006లో బీబీసీ రేడియో 2 జానపద పురస్కారాల్లో శ్రోతలు ఓట్లేసి, అన్ని కాలాల్లోనూ అత్యంత ప్రభావం చూపిన జానపద ఆల్బమ్‌గా దాన్నే ఎంచారు.

ప్రయోగం చేస్తే జనం దూరమవుతారు, జనం కావాలంటే ప్రయోగం తగ్గించుకోవాలి అని సంగీత వ్యాపారంలో ఒక పాత లెక్క ఉంది. త్రాసులో ఒక తట్ట దిగితే రెండోది లేచినట్టు ఈ రెంటినీ ఊహించుకుంటారు. జానపద రాక్ పుట్టిన అరవై ఏళ్లలో వచ్చిన ముఖ్యమైన రికార్డులను వరసగా వింటే ఈ లెక్క నిలవదు. జనం మనసులో నిలబడ్డ ప్రతి ఆల్బమ్ వెనకా ఒకే రకమైన పనితనం కనిపిస్తుంది. పాత పాటలో ఏదో ఒకదాన్ని, అంటే కథనో, వరసనో, మాటనో, గొంతునో కదలకుండా పట్టుకున్నారు. మిగతావన్నీ వెనకాడకుండా కదిలించారు. పట్టుకున్నది శ్రోతకు ఆసరా అయింది, కదిలించినది కొత్తదనమైంది. అన్నీ కదిలించిన రికార్డు జనానికి అందలేదు. ఏదీ కదిలించనిది అమ్ముడుపోయినా తర్వాత ఎవరికీ గుర్తులేదు.

ఈ చర్చలో అందరూ మొదట తలుచుకునేది 1965నే. ఆ మార్చిలో బాబ్ డిలన్ 'బ్రింగింగ్ ఇట్ ఆల్ బ్యాక్ హోమ్' విడుదల చేశాడు. రికార్డు ఒక వైపు ఎలక్ట్రిక్ బృందంతో పాడిన పాటలు, రెండో వైపు ఎక్కువగా ఒట్టి గిటారుతో పాడినవి. కొత్త శ్రోతకూ పాత శ్రోతకూ చెరో వైపు పంచిపెట్టినట్టుండే ఏర్పాటు. జులై 25న న్యూపోర్ట్ జానపద ఉత్సవంలో అదే ఎలక్ట్రిక్ గిటారుతో వేదికెక్కి మూడు పాటలు పాడాడు. కొందరు కేకలు వేసి గోల చేశారు, కొందరు చప్పట్లు కొట్టారు. తర్వాత ఒట్టి గిటారు తెచ్చుకుని మరో రెండు పాడి దిగిపోయాడు. జానపద గాయకుడు పీట్ సీగర్ గొడ్డలి తీసుకుని తీగలు నరకబోయాడన్న కథ ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎలక్ట్రిక్ గిటారు మీద తనకు కోపం లేదనీ, రొద వల్ల పాటలో మాట ఒక్కటీ వినపడకపోవడమే తన బాధ అనీ సీగర్ తర్వాత చెప్పుకున్నాడు.

సీగర్ మాటను తేలిగ్గా తీసేయడానికి లేదు. జానపదంలో మాట వినపడకపోతే మిగిలేది తక్కువ. ఆ రోజు వేదిక మీద కదిలినవి చాలా ఉన్నాయి. శ్రోత పట్టుకోవలసిన మాట మాత్రం స్పీకర్లలో మునిగిపోయింది. రికార్డులో ఆ ఇబ్బంది లేదు, మాట స్పష్టంగా వినిపిస్తుంది. అందుకే న్యూపోర్ట్‌కు అయిదు రోజుల ముందు విడుదలైన 'లైక్ ఎ రోలింగ్ స్టోన్' ఆరు నిమిషాలు దాటిన పాటైనా అమెరికా పట్టికలో రెండో స్థానానికి చేరింది.

డిలన్ పాటనే తీసుకుని అదే ఏడాది బర్డ్స్ బృందం ఇంకో దారి చూపింది. అయిదున్నర నిమిషాల 'మిస్టర్ టాంబొరీన్ మ్యాన్'ను రెండున్నర నిమిషాల లోపుకు కుదించారు. నాలుగు చరణాల్లో ఒక్కటే ఉంచారు. పన్నెండు తంతుల రికెన్‌బ్యాకర్ గిటారు గణగణలు జోడించారు. జూన్‌లో అది అమెరికాలో మొదటి స్థానంలో నిలిచింది. ఇక్కడ నిలిపినది పల్లవి, వరస. కదిపినది కొలత, నాదం. కోల్పోయినదీ ఉంది. డిలన్ మాటల్లోని సుదీర్ఘమైన ఊహాయాత్ర ఒక చరణంలో పట్టదు. ఆ గిటారు నాదం మాత్రం ఆ తర్వాత వచ్చిన ఎన్నో బృందాల పాటల్లో మోగుతూనే ఉంది. ఒక నష్టం, ఒక లాభం, రెండూ నిజమే.

ఇంగ్లండులో వాదం ఇంకా పట్టుదలగా సాగింది. యువాన్ మెకాల్ నడిపిన లండన్ సింగర్స్ క్లబ్‌లో ఎవరి భాషలోని, ఎవరి సంప్రదాయంలోని పాట వాళ్లే పాడాలన్న నియమం ఉండేది. లండన్ కుర్రాడు అమెరికన్ పత్తి చేల పాటను అమెరికన్ యాసలో పాడితే ఒప్పుకునేవారు కాదు. అది మడి కట్టుకోవడంలా కనిపిస్తుంది గానీ దాని వల్ల ఒక మేలు జరిగింది. కుర్రకారు తమ సొంత ఊళ్ల పాటలు వెతుక్కోవలసి వచ్చింది. కొన్నేళ్లకే ఆ వెతుకులాట ఫెయిర్‌పోర్ట్ లాంటి రాక్ బృందాల చేతికి అందింది.

ఆ బృందంలో బేస్ వాయించే ఆష్లీ హచింగ్స్ 1969లో లండన్‌లోని సెసిల్ షార్ప్ హౌస్ గ్రంథాలయంలో గంటల తరబడి కూర్చుని పాత పాటలు వెతికాడు. సెసిల్ షార్ప్ 1903లో సోమర్సెట్‌లో ఒక తోటమాలి నోట పాట విని సేకరణ మొదలుపెట్టి, ఇంగ్లండులోనూ అమెరికా అపలాచియన్ కొండల్లోనూ కలిపి దాదాపు 5,000 పాటలు రాసుకున్నవాడు. ఆయన కంటే ముందు హార్వర్డ్ ఆచార్యుడు ఫ్రాన్సిస్ జేమ్స్ చైల్డ్ 305 కథాగేయాలను వాటి పాఠాంతరాలతో సహా అచ్చు వేశాడు. 'లీజ్ అండ్ లీఫ్'లోని రెండు పెద్ద పాటలు చైల్డ్ సంకలనంలో ఉన్నవే: 39వది 'టామ్ లిన్', 81వది 'మాటీ గ్రోవ్స్'. ఆల్బమ్ అట్ట విప్పితే లోపల సేకర్తల గురించి, పల్లెల్లో నేటికీ జరిగే వేడుకల గురించి బొమ్మలతో సహా వివరాలుంటాయి. ఒక రాక్ రికార్డు తనకు పాట ఇచ్చినవాళ్ల రుణాన్ని అట్ట మీదే చెప్పుకోవడం అప్పటికి కొత్త.

'మాటీ గ్రోవ్స్'ను కొంచెం దగ్గరగా వినాలి. దొరసాని గుడిలో ఒక కుర్రవాణ్ని చూసి, ఆ రాత్రికి ఇంటికి రమ్మంటుంది. నౌకరు ఏరు దాటి పరుగెత్తి దొరకు కబురందిస్తాడు. తెల్లారి కళ్లు తెరిచేసరికి దొర మంచం కాళ్ల దగ్గర నిలబడి ఉంటాడు. కత్తులు దూస్తారు, కుర్రవాడు కూలిపోతాడు. ఇప్పుడెవరు కావాలని దొర అడిగితే, చచ్చినవాడే నయమంటుంది ఆమె. ఆమెనూ చంపేస్తాడు. ఇదీ కథ. ఎనిమిది నిమిషాల పాటలో బృందం గాయని సాండీ డెన్నీ గొంతు ఎక్కడా ఏడవదు, అరవదు. పొరుగింటి కబురు చెప్పినంత నిబ్బరంగా చరణం వెంట చరణం చెప్పుకుపోతుంది. కత్తి దూసే చోట కూడా గొంతు పెంచదు. ఆ నిబ్బరం వల్లే శ్రోతకు ఒళ్లు జలదరిస్తుంది.

కథ ముగిశాక ఆమె గొంతు ఆగిపోతుంది. అప్పటిదాకా వంత పాడినట్టు వెనక నడిచిన గిటారు, ఫిడేలు ఒక్కసారిగా ముందుకు దూకుతాయి. చివరి రెండు నిమిషాలకు పైగా థాంప్సన్, స్వార్‌బ్రిక్ ఒకరిమీద ఒకరు వాయిస్తూ పోతారు. జరిగిన ఘోరానికి ఊరంతా గుండెలు బాదుకున్నట్టుంటుంది. ప్రయోగమంతా అక్కడుంది. కానీ దానికి చోటు దొరికింది కథ పూర్తిగా చెప్పాకే. బుర్రకథ విన్న తెలుగువాళ్లకు ఈ నిర్మాణం వెంటనే తెలిసిపోతుంది. కథకుడు కథను పట్టుకుని నడుస్తాడు, గుమ్మెట మీద వంతలు దాన్ని ఎగదోస్తారు, దరువు తారస్థాయికి చేరేది కథ మలుపు తిరిగాకే. పాట వరస కూడా బృందం వేరే చోటు నుంచి తెచ్చింది. అపలాచియన్ పాట 'షేడీ గ్రోవ్' వరస అది. కథ ఇంగ్లండుది, వరస అమెరికాది, వాయిద్యాలు కరెంటువి. ఇన్ని కదిలినా కథనం నిలబడింది గనుక పాట నిలబడింది.

'టామ్ లిన్'లో సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. అప్సరసల రాణి చేతిలో చిక్కిన ప్రియుణ్ని విడిపించాలంటే జానెట్ అతణ్ని గుర్రం మీంచి లాగి గట్టిగా పట్టుకోవాలి. చేతుల్లోనే అతను పాము అవుతాడు, సింహం అవుతాడు, కాలే నిప్పు అవుతాడు. ఆమె వదలకూడదు. వదలదు గనుకే మళ్లీ మనిషవుతాడు. బృందం ఈ పాటకు తాళం లెక్క మారుతూ పోయే, కరుకైన గిటారు దరువు కట్టింది. పాత పాటను కొత్త రూపంలోకి మార్చే ఏ కళాకారుడికైనా జానెట్ చేసిన పనే మిగిలి ఉంటుంది.

ఆల్బమ్‌లోని ఎనిమిదింటిలో అయిదే సంప్రదాయ గీతాలు, వాద్యాల మాలికతో కలిపి. మూడు కొత్తగా కట్టినవి. థాంప్సన్ మాట, స్వార్‌బ్రిక్ బాణీ కలిసిన 'క్రేజీ మ్యాన్ మైకేల్'ను తెలియనివాళ్లు వింటే మూడొందల ఏళ్ల నాటిదే అనుకుంటారు. పక్షిని కొట్టి, అది తన ప్రియురాలేనని తెలుసుకున్నవాడి పాట అది. రోడ్డు ప్రమాదం జరిగిన కొద్ది నెలలకే రాసిన మాటలు. సంప్రదాయపు చట్రంలో సొంత దుఃఖం చెప్పుకోగలగడం ప్రయోగాలన్నిటిలోకీ కష్టమైనది. ఆ పాట దాన్ని సాధించింది.

అయితే ఈ విజయం బృందానికి సుఖం తేలేదు. సెప్టెంబరు 24న రాయల్ ఫెస్టివల్ హాల్‌లో ఈ పాటలు వినిపించారు. ఆల్బమ్ దుకాణాలకు చేరేలోపే సాండీ డెన్నీ, హచింగ్స్ ఇద్దరూ వెళ్లిపోయారు. ఆమెకు సొంత పాటలు రాసుకోవాలనుంది, అతనికి సంప్రదాయంలోకి ఇంకా లోతుగా వెళ్లాలనుంది. ప్రయోగానికీ ఆదరణకూ పొత్తు కుదరడం కంటే, ఆ పొత్తు కుదిర్చిన మనుషులు ఒకచోట నిలవడం కష్టమని ఎన్నో బృందాల కథ చెబుతుంది.

అదే ఏడాది వచ్చిన పెంటాంగిల్ బృందం ఆల్బమ్ 'బాస్కెట్ ఆఫ్ లైట్' ఎలక్ట్రిక్ గిటారు జోలికే పోలేదు. అందులోని మొదటి పాట 'లైట్ ఫ్లైట్' నడక మన లెక్కలో చెప్పాలంటే కాసేపు ఖండచాపు, కాసేపు మిశ్రచాపు, మధ్యలో ఆరు. అయిదు, ఏడు లెక్కల పాటకు పాశ్చాత్య శ్రోత కాలు కదపడం కష్టమని వ్యాపారులు భయపడతారు. బీబీసీ దాన్ని 'టేక్ త్రీ గర్ల్స్' అనే ధారావాహికకు శీర్షిక గీతంగా పెట్టింది. వారం వారం ఇళ్లలో మోగింది. ఆల్బమ్ అయిదో స్థానానికి వెళ్లింది. జాకీ మెక్‌షీ గొంతు నీళ్ల మీద తేలినట్టు హాయిగా సాగుతుంది గనుక కింద తాళం ఎన్ని మెలికలు తిరిగినా వినేవాడికి తట్టలేదు. రెండు లెక్కల తాళం తప్ప మరోటి జనానికి ఎక్కదనే నిర్మాతలు ఒకసారి వినాల్సిన పాట.

స్టీలై స్పాన్ కథ వేరు. ఫెయిర్‌పోర్ట్ వదిలాక హచింగ్స్ పెట్టిన బృందమిది. త్వరలోనే దాన్నీ వదిలాడు. 1973 క్రిస్మస్‌కు వాళ్లు వాయిద్యాలేవీ లేకుండా లాటిన్‌లో పాడిన 'గౌదేతే' 14వ స్థానానికి చేరింది. జనంలో ఎక్కువమందికి అర్థం తెలియని భాష, ఒట్టి గొంతులు. అయినా విన్నారు. 1975లో మైక్ బాట్ నిర్మాతగా చేసిన 'ఆల్ అరౌండ్ మై హ్యాట్' అయిదో స్థానానికి ఎగబాకింది. చప్పట్లకు వీలైన దరువు, వెంటనే నోటికొచ్చే పల్లవి. హాయైన పాటే, కాదనలేం. కానీ ఆ రెండు పాటలూ పక్కపక్కన వింటే 'గౌదేతే'లోనే సాహసం కనిపిస్తుంది. సాహసించిన పాటకు దక్కిన స్థానం కాస్త తక్కువ కావచ్చు, పాతికేళ్ల తర్వాత విన్నా తాజాగా ఉన్నది అదే.

ఆదరణకు సమయం కూడా ఒక కొలత అని చెప్పడానికి కలకత్తా కంటే మంచి ఉదాహరణ లేదు. 1975లో గౌతమ్ చటోపాధ్యాయ్, మిత్రులు కలిసి 'మొహీనేర్ ఘోడాగులి' బృందం పెట్టారు. జీవనానంద దాస్ కవితలోంచి తీసుకున్న పేరు. బెంగాల్ పల్లెల బావుల్ పాట, రాక్, జాజ్ కలిపి నగర జీవితం గురించి బెంగాలీలో పాడారు. 1977 నుంచి 1979 దాకా మూడు చిన్న రికార్డులు తెచ్చారు. జనం పట్టించుకోలేదు. 1981 నాటికి బృందం విడిపోయింది. 1995లో కలకత్తా పుస్తక ప్రదర్శనలో కొత్త గాయకులతో కలిసి తెచ్చిన సంకలనం 'ఆబార్ బొచోర్ కుడి పోరే'ను ఒక తరం కుర్రకారు చేతుల మీద మోసింది. అందులోని ఒక బాణీ 2006లో 'గ్యాంగ్‌స్టర్' సినిమాలో హిందీ పాటై దేశమంతా మోగింది. మొదటి రికార్డుల్లో బృందం అన్నిటినీ ఒకేసారి కదిలించింది. అప్పటి శ్రోతకు పట్టుకునే కొస దొరకలేదు. ఇరవై ఏళ్లకు ఊరే మారి, ఆ పాటల దగ్గరికి వచ్చింది.

మన దేశంలో ఈ ప్రశ్నకు అన్నిటికన్నా నిండైన జవాబు 2000లో టైమ్స్ మ్యూజిక్ విడుదల చేసిన 'కందీసా'. ఢిల్లీలో 1990లో సుస్మిత్ సేన్, అసీమ్ చక్రవర్తి మొదలుపెట్టిన ఇండియన్ ఓషన్ బృందం ఆల్బమ్ అది. రాహుల్ రామ్ బేస్, అమిత్ కిలం డ్రమ్స్. ఏడే పాటలు. సినిమా హీరో లేడు, ప్రేమ పాట అనదగ్గదీ లేదు. డ్రమ్స్ పక్కన తబలా కూర్చుంది. సుస్మిత్ గిటారు రాక్ గిటారులా గర్జించదు, తంతి మీద ఒక్కో స్వరాన్ని మీటి వదిలేస్తుంది.

పేరు పెట్టిన పాట 'కందీసా' కేరళ సిరియన్ క్రైస్తవుల ప్రాచీన ప్రార్థన. భాష సిరియాక్. ఢిల్లీ కాలేజీ కుర్రాళ్లలో ఆ మాటల అర్థం తెలిసినవాళ్లు ఎవరుంటారు? పాట మంద్రంగా, గుడి గంట ఆగాక మిగిలే నాదంలా మొదలవుతుంది. తొందర లేదు. ఒకే పదం మళ్లీ మళ్లీ వస్తూ, ప్రతిసారీ ఒక వాయిద్యం తోడై, చివరికి గొంతులూ వాయిద్యాలూ ఒకే అల అవుతాయి. కచేరీల్లో వేలమంది కళ్లు మూసుకుని వెంట పాడతారు. అర్థం తెలియని పాటకు ప్రార్థన స్వభావమే ఆసరా. దాన్ని బృందం చెక్కుచెదరనీయలేదు. లయను, కొలతను, నాదాన్ని మాత్రం ఇష్టమొచ్చినట్టు పెంచింది.

'మా రేవా' నర్మదా నది మీది జానపదం. రాహుల్ రామ్ అమెరికాలోని కార్నెల్‌లో పర్యావరణ విషశాస్త్రంలో డాక్టరేట్ చేసి వచ్చి, నర్మదా బచావో ఆందోళనలో పనిచేసినవాడు. ఆ లోయలో విన్న పాటను అక్కడి మనుషుల మధ్య నేర్చుకుని తెచ్చాడు. హచింగ్స్ గ్రంథాలయంలో వెతికితే రామ్ ముంపు గ్రామాల్లో విన్నాడు. దారి ఏదైనా, పాటకు మూలమైన చోట కాలు పెట్టి వచ్చినవాడి పాటలో ఒక జవం ఉంటుంది. అది వినేవాడి చెవికి చెప్పకుండానే అందుతుంది. 'హిల్లే రే'కు గోరఖ్ పాండే కవిత మూలం. ఉద్యమాల వీధుల్లోంచి వచ్చిన మాట అది.

ఇండియన్ ఓషన్ తర్వాత 'బ్లాక్ ఫ్రైడే' సినిమాకు సంగీతమిచ్చింది, 'బందే' పాట ఇంటింటికీ చేరింది. అంతటి పేరు వచ్చాక కూడా 2010లో '16/330 ఖజూర్ రోడ్' ఆల్బమ్‌ను నెలకో పాట చొప్పున ఇంటర్నెట్‌లో ఉచితంగా ఇచ్చారు. అప్పటికి అసీమ్ లేడు, 2009 డిసెంబరు 25న కన్నుమూశాడు. 2013లో సుస్మిత్ తప్పుకున్నాడు. తర్వాతా బృందం మంచి పాటలు చేసింది గానీ, 'కందీసా'లోని ఆ నలుగురి పొందిక మళ్లీ రాలేదని ఒప్పుకోవాలి.

2008లో దక్షిణాది నుంచి రెండు ఆల్బమ్‌లు వచ్చాయి. మలయాళంలో 'అవియల్' బృందం గట్టి రాక్ మీద పల్లె పదాలు పాడింది. కన్నడంలో రఘు దీక్షిత్ 19వ శతాబ్దపు తత్వకవి శిశునాళ షరీఫు పాటలకు కొత్త బాణీలు కట్టాడు. షరీఫు తత్వాలు కర్ణాటక పల్లెల్లో అందరికీ తెలిసిన మాటలు, మనకు బ్రహ్మంగారి తత్వాల్లాగ. మాట ఎలాగూ జనం నోట్లో ఉంది, మరి బాణీ ఎంత మారితేనేం? 2010లో బీబీసీలో జూల్స్ హాలండ్ కార్యక్రమంలో పంచె, కాలి గజ్జెలతో నిలబడి రఘు పాడాడు.

తెలుగు మాట ఎత్తకుండా ఈ చర్చ పూర్తి కాదు. మన దగ్గర జానపదాన్ని కొత్త పనికి వాడుకున్న తొలి పెద్ద ప్రయోగశాల రాక్ కాదు, బుర్రకథ. 1940లలో షేక్ నాజర్ ప్రజానాట్యమండలి వేదిక మీద బెంగాల్ కరువును బుర్రకథ చేసి చెప్పారు. శాస్త్రీయ రాగాలు చొప్పించారు, నటన పెంచారు, హాస్యపు వంతకు రాజకీయ వ్యాఖ్య కలిపారు. కథకుడు, ఇద్దరు వంతలు, తందాన తాన అనే చట్రం మాత్రం వదల్లేదు. వేల జనం తెల్లవార్లూ కూర్చుని విన్నారు. సినిమా కూడా ఈ గుట్టు త్వరగా పట్టుకుంది. 1955 నాటి 'రోజులు మారాయి'లో కొసరాజు రాసిన ఏరువాక పాట దానికి రుజువు. 'మా భూమి'లో తెర మీద గద్దర్ గొంగడి భుజాన వేసుకుని పాడిన పాట ఇంకో రుజువు.

తర్వాతి దశాబ్దాల్లో సినిమా జానపదాన్ని తాలింపులా వాడటం మొదలుపెట్టింది. పన్నెండు మెట్ల కిన్నెర సంగతి చూడండి. వెదురు బొంగు, ఎండిన సొరబుర్రలు, తేనెమైనంతో నిలిపిన మెట్లు. దాన్ని భుజానికి ఆన్చి, పండుగ సాయన్న, పానుగంటి మియాసాబ్ లాంటి వీరుల కథలు గంటల తరబడి చెప్పే దర్శనం మొగిలయ్య గొంతు 2021లో 'భీమ్లా నాయక్' శీర్షిక గీతం మొదట్లో కొద్దిసేపు వినిపించింది. దేశం ఆయన వైపు తిరిగింది, 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆ కొద్దిసేపటికే అంత కదలిక వస్తే, సాయన్న కథ మొత్తాన్ని కిన్నెర ముందుండి, గిటారు, డ్రమ్స్ వెంట నడిచి చెబితే ఎలా ఉంటుంది? 'మాటీ గ్రోవ్స్'కు ఏమాత్రం తీసిపోని సరుకు అది. పేదల పక్షం నిలబడ్డ వీరుడు, వెన్నుపోటు, చావు, ఊరి శోకం అన్నీ ఉన్నాయి.

ఆ దిక్కుగా నడిచిన బృందం హైదరాబాద్ 'చౌరస్తా'. గిటారు, పల్లె యాస, రెగే నడక కలిపి వాళ్లు చేసిన 'ఊరెళ్లిపోతా మామా' నగరంలో ఊపిరాడని కుర్రకారుకు సొంత పాటైంది. 2020లో కరోనా మొదలైన రోజుల్లో చేతులు కలపవద్దంటూ చేసిన పాట ఫోన్లన్నీ చుట్టేసింది. ఆ బృందంలో పాడిన రామ్ మిరియాల గొంతును వెంటనే సినిమా పిలిచింది. 'జాతిరత్నాలు'లో చిట్టి పాట, 'డీజే టిల్లు' శీర్షిక గీతం, 'బలగం'లో పల్లెటూరి పాట వచ్చాయి. ఆ గొంతు లక్షలమందికి చేరడం సంతోషమే. కానీ బృందంగా వాళ్లు చేసినవి ఎక్కువగా విడి పాటలు. ఏడెనిమిది పాటలు ఒకదానికొకటి అల్లుకుని, మొదటి నుంచి చివరిదాకా ఒక లోకాన్ని చూపే ఆల్బమ్, 'లీజ్ అండ్ లీఫ్' లేదా 'కందీసా' స్థాయిలో మాట్లాడుకోదగ్గది, తెలుగులో ఇంకా రావాల్సే ఉంది.

కారణాలు వెతికితే డబ్బు, వేదికలు ఎలాగూ ఉన్నాయి. సినిమా మన సంగీతాన్నంతా మింగి కూర్చోవడమూ ఉంది. వాటికి మించిన లోపం ఒకటుంది. పాటకు మూలమైనవాళ్లకు పేరూ డబ్బూ దక్కే పద్ధతి మనకు కుదరలేదు. 'సారంగదరియా' సినిమా పాటగా వచ్చినప్పుడు పాటను ముందు వెలికి తెచ్చిందెవరన్న వివాదం పత్రికలకెక్కింది. ఫెయిర్‌పోర్ట్ అట్ట మీద సేకర్తల వివరాలు అచ్చు వేసిన మర్యాద మనమూ నేర్చుకుంటే పల్లెల్లోని గాయకులు గుండె విప్పి పాడతారు. బృందాలకూ పాట నిండుగా దొరుకుతుంది.

సరుకు మాత్రం సిద్ధంగా ఉంది. నేదునూరి గంగాధరం ఊరూరా తిరిగి సేకరించిన పాటలున్నాయి. బిరుదురాజు రామరాజు ఉస్మానియాలో డాక్టరేట్ కోసం చేసిన పరిశోధన 'తెలుగు జానపద గేయ సాహిత్యము' పేరుతో 1958లో పుస్తకమైంది. మన పెద్ద గ్రంథాలయాల్లో దొరుకుతుంది. గిటారు మోసుకుని తిరిగే తెలుగు కుర్రవాళ్లెవరైనా ఒక మధ్యాహ్నం అక్కడ కూర్చుని, ఆ పుస్తకంలోంచి ఒక్క కథాగేయాన్ని ఎంచుకుని, చరణాలు కోయకుండా పూర్తిగా పాడాలి. ఎనిమిది నిమిషాలైనా, పదహారైనా ఫరవాలేదు. వినడానికి జనం ఉన్నారు.